గోరంత పెన్సిల్

“పదకొండుకి సంతకం. ఇంకులో విషం కలుపుతారట. రాయబారి చేతికి వెళ్లే ప్రతి పెన్నూ ముందు నువ్వు చూడాలి,” అన్నాడు చీఫ్.

“సమాచారం ఎవరిచ్చారు సర్?”

“రాయబారి దుభాషి.”

ఏజెంటుకు ఆ మాట మీద నమ్మకం కలగలేదు. ఆ అందగత్తె డబుల్ ఏజెంట్. ఏ పూట ఎవరి పక్షమో ఆమెకే తెలియాలి.

రాయబారి ఒకప్పుడు రచయిత. పాత ప్రభుత్వం ఆయన పుస్తకాలను నిషేధించి, ఆయనను పదేళ్లు జైల్లో పెట్టింది. బయటికొచ్చి ఎన్నికల్లో గెలిచాడు, ఆ తర్వాత రాయబారి అయ్యాడు. ఆ పాత ప్రభుత్వం కూలగానే దాని రహస్య పోలీసులు ఈ దేశానికి పారిపోయి ముఠా కట్టారు. ఒప్పందం మీద ఆయన సంతకం పడితే వాళ్లందరినీ పట్టి అప్పగిస్తారు. అందుకే సంతకానికి ముందే ఆయన చావాలి.

ఉదయం కారులో ఆయన ప్రసంగం దిద్దుకుంటుంటే, అటెండర్ వేషంలో ఉన్న ఏజెంటు పక్కనే కూర్చుని చూశాడు. రాయబారి చేతిలో గోరంత పెన్సిల్. మొనను నాలికకు అద్దుకుని మరీ రాస్తున్నాడు.

“కొత్తది తెప్పించనా సర్?”

“వద్దయ్యా. జైల్లో ఈపాటి ముక్క దొరకడమే గగనం. అరిగి మాయమయ్యేదాకా పారేయడం నాకు చేతకాదు.”

లిఫ్టులో దుభాషి నవ్వుతూ ఆయన కోటు సర్దింది.

హాల్లో ఏజెంటు ట్రేలోని మూడు పెన్నుల మీదా చేతివాచీ తిప్పాడు. అందులోని డిటెక్టర్‌కు విషం తగిలితే ఎర్రలైటు వెలగాలి. మూడుసార్లూ పచ్చలైటే వెలిగింది. అయినా భయమేసింది, నిజంగానే భయమేసింది. ఎక్కడో ఏదో చూడకుండా వదిలేశాడు.

రాయబారి పెన్ను అందుకోలేదు. ఆఖరి పేజీలో ఒక వాక్యం ఆయనకు నచ్చలేదు. రచయిత బుద్ధి ఎక్కడికి పోతుంది! చూపు కాగితం మీదే ఉంచి, కోటు జేబులోంచి పెన్సిల్ తీశాడు.

అది వేలంత పొడుగుంది.

మొన నాలిక దాకా వెళ్లింది. “సర్!” అని అరుస్తూ ఏజెంటు ట్రేతో సహా ఆయన మీద పడ్డాడు. పెన్సిల్ ఎగిరి కార్పెట్ మీద పడింది. వాచీ దగ్గర పెడితే ఎర్రలైటు వెలిగింది. తలుపు దాటబోతున్న దుభాషిని గార్డులు పట్టుకున్నారు. ఆమె హ్యాండ్‌బ్యాగులో గోరంత పెన్సిల్ దొరికింది.

రాయబారి నేలమీదే కూర్చుని కళ్లజోడు వెతుక్కున్నాడు.

“ఇంత పొడుగు పెన్సిల్ కోసం పదేళ్లు అర్జీలు పెట్టుకున్నానయ్యా,” అన్నాడు. “ఇప్పటికి శాంక్షన్ చేశారు.”