తెరుచుకున్న కుడిచెయ్యి

పిల్లలూ, మణితీర రాజ్యంలో అందరికీ ఈత వచ్చు, ఒక్క యువరాజు వసుకేతుడికి తప్ప. అయినా సరస్సులో దిగి, అడుగున నిద్రపోతున్న రాకాసి జడ తొక్కాడు. అది కన్నెర్రజేసి అతణ్ణి శిలగా మార్చి ఒడ్డుకు విసిరింది. రాజ్యమంతా గొల్లుమంది.

యువరాజును బతికించే మణి తెస్తానని జాలరి గుర్రన్న రాజుకు మాటిచ్చాడు. ఒడ్డున తొలి బార కోసం కుడిచెయ్యి చాచాడో లేదో, రాకాసి చూపు తగిలి అతనూ శిలయ్యాడు.

గుర్రన్న చెల్లెలు నూకాలుకు తల్లీ తండ్రీ ఆ అన్నే. ఈత నేర్పిందీ అతనే.

“యేళ్ళు బిగించకే సెల్లీ! మద్దెన గడ్డిపరకంత సందుంటే సెయ్యి తెడ్డయిపోద్ది. ఎడం సేతికీ నేర్పు,” అని రోజూ పోరేవాడు.

“కుడిసెయ్యుంది గదన్నా, సాల్లే!” అని ఆమె నవ్వేసేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

నూకాలు అడవి దాటి, కొండచిలువను తప్పించుకుని ఒక మునిని ఆశ్రయించింది.

“మిట్టమధ్యాహ్నం రాకాసి నిద్రపోతుంది,” అన్నాడు ముని. “సరస్సు నడుమ గుహలో రెండు మణులున్నాయి. ఒకటి యువరాజునే, మరొకటి మీ అన్ననే బతికిస్తుంది. గుహ ఒక్కసారే తెరుచుకుంటుంది. మూటగడితే మణి కరిగిపోతుంది, గుప్పిట్లోనే తేవాలి. ఒకటి చాలు తల్లీ, ఆశపడకు.”

“నాకు రెండు సేతులున్నాయి గద తాతా!” అంది నూకాలు.

మిట్టమధ్యాహ్నం గుహకు ఈది వెళ్ళి, యువరాజు మణిని ఎడమ గుప్పిట్లో పెట్టుకుంది. అన్న మణిని, ప్రాణం గనుక, బలమైన కుడి గుప్పిట్లో బిగించింది. ఆ పిచ్చితల్లి చేసిన పొరపాటు అదే. మూసిన పిడికిళ్ళను నీళ్ళు ఒరుసుకుంటూ జారిపోయాయి. సుడి ఆమెను లోపలికి లాగింది. ఒక చెయ్యి తెరవక తప్పదు. ఎడమది తెరిచినా లాభం లేదు, దానికి ఈత రాదు. మునిగితే రెండు మణులూ పోతాయి.

“అన్నా, నన్ను మన్నించు!” అని ఏడుస్తూ నూకాలు కుడిచెయ్యి తెరిచింది. మణి మెరుస్తూ అడుగుకు పోయింది. వేళ్ళ మధ్య గడ్డిపరకంత సందు ఉంచి బార వేసింది. అన్న చెప్పినట్టే ఆ చెయ్యి తెడ్డయింది.

ఒడ్డు చేరి ఎడమ గుప్పిట్లోని మణిని యువరాజు శిలకు తాకించింది. వసుకేతుడు కళ్ళు తెరిచాడు. జరిగింది విని తల దించుకున్నాడు. సగం రాజ్యమిస్తాను, పెళ్ళాడతాను అన్నాడు.

“నాకియ్యేం వద్దు దొరా. మా అన్న కాడే ఉండి పిల్లలకి ఈత నేర్పుకుంటాను,” అంది నూకాలు.

ఇప్పుడు మణితీరంలో రాకాసి నిద్రవేళ పిల్లలు నీళ్ళలో దిగేముందు ఆ శిల చేతికి తమ చెయ్యి ఆనించి, వేళ్ళ సందు చూసుకుంటారు. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక, రాకాసి లేవకముందే, నూకాలు కుడి గుప్పిట బిగించి, ఎడంచేత్తో సరస్సు దాటి తిరిగొస్తుంది. ఆ గుప్పిట్లో ఏమీ ఉండదు.