ఫోన్ రాకూడని రెండు రోజులు

"మీ కల్చర్ ఇంకా రాలేదండీ," అంది అద్దం వెనకనుంచి ల్యాబ్ అమ్మాయి.

డ్రైవింగ్ మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది.

"ఏంటండీ ఆ మాట? లైన్లో నిలబడ్డాను, ఎవర్నీ తొయ్యలేదు. మా కల్చర్‌కేం తక్కువైంది?"

ఆ అమ్మాయికి నవ్వు తన్నుకొచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి పెదవి కొరుక్కుంది.

"కాన్పుకు ముందు మీ అక్కగారి దగ్గర తీసిన శాంపిల్ కల్చరండీ! అందులో బాక్టీరియా పెరుగుతుందేమో చూస్తాం. రేపు రండి."

పాపం, ఆయన మొహం చూడాలి! ఆయన్ని శిష్యులు చాటుగా 'సెకండ్ గేర్' అంటారు. కారుదీ అదే గేరు, మాటదీ అదే గేరు. కోపం మాత్రం ముందూ వెనకా చూసుకోకుండా వచ్చేస్తుంది. ఇంటికెళ్ళాక తలుచుకుంటే సిగ్గేసింది. కొరుక్కున్న ఆ పెదవి గుర్తొస్తే మరేదో అయింది. అదేమిటో మాత్రం అర్థం కాలేదు.

మర్నాడు ల్యాబ్ తెరవక ముందే వెళ్ళి నిలబడ్డాడు.

"పెరిగింది," అందామె.

"అమ్మయ్య!"

"అమ్మయ్య కాదండీ బాబూ! పెరగకూడదు."

ఆమె ఓపిగ్గా చెప్పింది. ఈ బాక్టీరియా చాలామంది తల్లుల్లో ఉంటుంది, వాళ్ళకేమీ కాదు. కాన్పు సమయంలో బిడ్డకు సోకితేనే ప్రమాదం. అందుకే నొప్పులు మొదలవగానే సెలైన్‌తో పాటు యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. పుట్టడానికి కనీసం నాలుగు గంటల ముందు ఆ మందు మొదలవ్వాలి.

"ఇప్పుడే నాలుగు మాత్రలు మింగించేస్తే పోదా?"

"పోయినా కాన్పునాటికి మళ్ళీ వచ్చేస్తుంది. నొప్పులు రాగానే తీసుకొచ్చెయ్యండి. ఈ కాగితం చూపించండి. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు."

ఆ కాగితం కోసం ఆయన ఇంకో మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి అక్క వయసు సరిగ్గా పడలేదన్నాడు. రెండోసారి సంతకం కనబడలేదన్నాడు. మూడోసారి వానలో తడిసిపోయిందన్నాడు.

"బయట ఎండ మండిపోతోంది కదండీ?"

"అదే... మా వీధిలో పడింది."

ఆమె అనుమానంగా చూసి, ఇంకో కాపీ ఇచ్చింది. కుళాయి కింద కాగితం తడుపుకునే మగాణ్ణి ఆమె ఇదివరకెప్పుడూ చూడలేదు.

బావ ఓడలో ఉద్యోగం మీద ఉండగా, ఒక మధ్యాహ్నం అక్కకు నొప్పులు మొదలయ్యాయి. సెకండ్ గేర్ జన్మలో మొదటిసారి టాప్ గేర్ వేశాడు. ఏం లాభం? రోడ్డంతా బండ్లే. ఆసుపత్రికి చేరి, మందు ఎక్కించడం మొదలుపెట్టిన గంటన్నరకే పాప పుట్టేసింది.

సాయంత్రానికి పాప ఒళ్ళు వెచ్చబడింది. ఊపిరి వేగంగా తీస్తోంది. పిల్లల డాక్టర్ రక్తం కల్చర్‌కు పంపి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, పసిపిల్లల వార్డులో ఉంచారు. రెండు రోజులు చూద్దామన్నారు.

అంతా తనవల్లే అనుకున్నాడాయన. ఇంకో సందులోంచి వచ్చుంటే బాగుండేది. ఏడుపు దిగమింగుకుంటూ ల్యాబ్‌కు పరుగెత్తాడు.

"పాప రక్తం సీసా మెషిన్‌లో పెట్టాను," అంది ల్యాబ్ అమ్మాయి. ఈసారి నవ్వలేదు. "ఏదైనా పెరిగితే మెషిన్ మోగుతుంది. వెంటనే వార్డుకూ, మీకూ ఫోన్ చేస్తాం. పెరక్కపోతే ఫోన్ ఉండదు. రిపోర్ట్ దానంతటదే పైన వార్డుకొస్తుంది."

"అంటే మీరు నాకు ఫోన్ చెయ్యకూడదు."

"చెయ్యకూడదు. ఇదిగో నా నంబర్."

చూశారా చోద్యం! ఇన్నాళ్ళూ ఏ నంబర్ కోసం నానా తంటాలూ పడ్డాడో అది చేతికొచ్చింది, మోగకూడదన్న షరతుతో.

ఆ రెండు రోజులూ ఆయన మనిషి మనిషిలా లేడు. క్లచ్ గురించి అడగడానికి ఫోన్ చేసిన శిష్యుణ్ణి చెడామడా తిట్టాడు. రెండో రోజుకు పాప జ్వరం తగ్గి పాలు తాగింది. అయినా ఆయన కళ్ళు ఫోన్ మీదే.

"ఎవరు చెయ్యాల్రా?" అంది అక్క.

"చెయ్యకూడదక్కా."

"చెయ్యలేదుగా! మరి ఈ ఏడుపు మొహమేంటి?"

అది ఆయనకూ తెలియదు. మోగనందుకు దండం పెట్టుకోవాలి. మోగనందుకే ఎక్కడో వెలితిగా ఉంది. ఛీ, నేనేం మేనమామను, అని తనను తానే తిట్టుకున్నాడు.

మూడో రోజు ఉదయం పదింటికి ఫోన్ మోగింది. ఆమె నంబరే!

ఆయన ఎత్తలేదు. ఆగి, మళ్ళీ మోగింది.

"ఎత్తరా!"

"ఎత్తనక్కా. ఎత్తితే నిజమైపోతుంది."

మూడోసారీ మోగి ఆగింది. కాసేపటికి తెల్లకోటుతో, రొప్పుతూ, ల్యాబ్ అమ్మాయే అక్క ఉన్న వార్డు గుమ్మంలో నిలబడింది.

"ఫోన్ ఎందుకెత్తలేదు? పాప బాగుందా?"

"మీరే చెప్పాలి! ఏం పెరిగింది?"

"ఏమీ పెరగలేదు!"

"మరి ఫోనెందుకు చేశారు?"

"ఏమీ పెరగలేదని చెప్దామనే."

"పెరక్కపోతే ఫోన్ ఉండదన్నారుగా?"

 పాపను ఎత్తుకుని అప్పుడే వచ్చిన నర్సుకు ఇదేమీ అంతుపట్టలేదు. "రిపోర్ట్ పొద్దున్నే వచ్చేసిందిగా! మందు ఆపమని డాక్టరు గారు కూడా చెప్పేశారు. పాపను తల్లికిద్దామనే తెస్తున్నాను."

"తెలుసు," అంది ల్యాబ్ అమ్మాయి, తల వంచుకుని. "మామూలుగా మెషిన్ వంక తిరిగి చూడను. మోగితేనే వెళ్తాను. ఈ రెండు రోజులూ గంటగంటకీ వెళ్ళాను. ఎందుకో తెలీదు. పొద్దున రిపోర్ట్ రాశాక మీకు నేనే చెప్పాలనిపించింది. మీ గొంతు వినాలనిపించింది. మీరెత్తకపోయేసరికి పాపకేమైందోనని మూడంతస్తులూ పరుగెత్తాను. బాగుందని రాసింది నేనే, భయపడిందీ నేనే!"

సెకండ్ గేర్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ వాన... అబద్ధమండీ."

"తెలుసండీ."

"మీరంటే నాకు ఇష్టమండీ. అదొక్కటే నిజం."

ఆమె నర్సు చేతిలోని పాప వంక చూస్తూ ఉండిపోయింది. ఆరేళ్ళుగా ఎందరో పసివాళ్ళ రక్తం సీసాల్లో చూసింది కానీ, వాళ్ళలో ఒక్క బిడ్డనూ ఎప్పుడూ చూడలేదు.

"ఒక్కసారి ఎత్తుకోవచ్చా?" అని మెల్లగా అడిగింది.

అక్క తమ్ముడి వంకా, ఆ అమ్మాయి వంకా మార్చి మార్చి చూసింది. రెండు రోజుల ఏడుపు మొహానికి అర్థం ఇప్పుడు తెలిసింది. పాపను నర్సు దగ్గర అందుకుని, తనే ఆమె చేతుల్లో పెట్టింది.

"చూడవే తల్లీ," అంది పాపతో, "మీ అత్తయ్య వచ్చింది."

 మాస్టారు నేల చూపులు చూశాడు. ల్యాబ్ అమ్మాయి చెంపలు ఎర్రబడ్డాయి. కాదని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు.