గొంతులు కనిపెట్టేవాడు

గుడియాత్తంలో మా వీధికి సాయంకాలమంటే మరమగ్గాల చప్పుడు, అగ్గిపెట్టెల కార్ఖానా నుండి వచ్చే గంధకపు వాసన. ఆ రోజు ముసురు పట్టింది. మా అత్తగారు రాజాంబాళ్ ముందుగదిలో చాప మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నారు. నా కూతురు రంజిత లోపలి గదిలో లెక్కలు చేసుకుంటున్నది. నా భార్య మేనక పోయి అప్పటికి ఏడాది నిండలేదు. ఆమె మడిచిపెట్టిన చీరలను నేను ఎవరినీ తాకనివ్వలేదు.

వేలూరు నుండి మేనక తమ్ముడు దినకర్ వచ్చాడు.

దినకర్ కొత్త గాయకులను కనిపెడతాడు. అది అతని మాట. నిజానికి ఫోన్ చూపించిన పాటను వేలితో నొక్కుతాడు, అంతే. పక్కింటి బావిలో చంద్రుణ్ణి చూసి, తానే తవ్వి తీశానని చెప్పుకొనే రకం. నలుగురు విన్న పాట అతనికి ఎంగిలి. అక్క కర్మల నాడు కూడా చెవిలో తీగ పెట్టుకొని కొత్త గొంతులు వెదికిన రసికుడు.

"బావా, ఈయమ్మను ఇంకా ఎవురూ వినలేదు. నేనే మొదలు" అన్నాడు, చిన్న స్పీకరు కిటికీలో పెడుతూ.

"అభినందనలు" అన్నాను. "ఆమె పేరేమిటి?"

"పేరు లేదు. ఫోటో లేదు. అదే గదా స్టైలు."

పాట మొదలైంది. వాద్యం లేదు. ఒక ఆడగొంతు, జలుబు చేసినట్లు బరువుగా...

అత్తగారి అడకత్తెర ఆగింది. అది ఒప్పారి: చావింట శవం చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు పాడే ఏడుపు పాట. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ చావుకైనా దానిని ఎత్తుకొనడానికి అత్తగారినే పిలిచేవారు.

"ఎవురిదిరా సావు?"

"ఎవురిదీ కాదుమా. ఊరికే పాట."

"ఊరికే ఒప్పారి ఉండదు."

"ఇప్పుడు దీనికే గిరాకీ. నీకు తెలీదులే" అని నవ్వి, అతడు నా వైపు తిరిగాడు. "బావా, ఈడ గమనించు. ఊపిరి తీసే చోటు ఎట్లుండాదో." నాకు పాఠం చెప్పేందుకు పాటను సగంలో నొక్కి ఆపాడు.

"నిలపాకురా..." అన్నారు అత్తగారు. అప్పటికే ఆలస్యమైంది.

అదే క్షణంలో కరెంటు పోయింది. వీధిలోని మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. చూరు నీళ్ళ చప్పుడు మాత్రం మిగిలింది. తడిసిన పూలదండల వాసన వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు పూలు లేవు.

లోపలి గదిలో నుండి పాట తరువాతి చరణం వినిపించింది.

"పోయినోళ్ళ పేరేదో సెప్పరమ్మా...
పొద్దుగూకే లోపల తోడుకపోతా..."

గొంతు రంజితది. ఆ ఊపిరి మాత్రం పిల్లది కాదు.

నేను తలుపు దాకా పరిగెత్తాను. రంజిత గోడ వైపు తిరిగి కూర్చున్నది. భుజం పట్టి కుదిపాను. చల్లగా ఉన్నది. పాట ఆగలేదు.

"దినకర్, ఆ ఫోనులో మిగతా పాట పెట్టు."

"లేదు బావా... ఆ పాటే కనపడలేదు."

జీవితంలో మొదటిసారి అతడు కనిపెట్టలేకపోయాడు.

అత్తగారు చాప మీద నుండి లేవకుండానే గుసగుసగా అన్నారు: "ఒప్పారి ఎత్తితే పోయినోళ్ళ పేరు చెప్పి దించాల అప్పా. మధ్యలో నిలిపితే అది పేరు కోసరం ఇంట్లోనే తిరగతాది. చెప్పకుంటే, పాడే గొంతునే తీసకపోతాది. నువ్వు తండ్రివి. నువ్వే చెప్పు."

"ఎవరి పేరు?"

"పోయినోళ్ళది. బతికుండేవోళ్ళ పేరు మాత్రం చెప్పాకు. చెప్తే వాళ్ళు మిగలరు."

రంజిత పెదవులు నీలంగా మారుతున్నాయి. ఒక్కొక్క పాదానికి ఆమె ఊపిరి తరుగుతున్నది. ఇన్ని నెలలుగా నేను పైకి పలకని పేరు అది. ఇప్పుడు పలికాను.

"మేనక."

పాట ఆగింది.

చీకటిలో రంజిత తల మెల్లగా నా వైపు తిరిగింది.

"అమ్మ ఈడనే ఉండాది గదా నాయనా" అన్నది నెమ్మదిగా. "పోయినోళ్ళ పేరు చెప్పు."

మళ్ళీ ఎత్తుకున్నది. ఈసారి గొంతు ఇంకా సన్నగా...

నాకు తెలిసిన మృతులందరి పేర్లు వెదికాను. మా నాన్నది, తాతది... ఒక్కటీ నోటికి రాలేదు. ఒకే ఒక్క పేరు నాలుక చివర సిద్ధంగా ఉన్నది. దానిని తలచుకోవడానికి నాకు ఏ ప్రయాసా కలగలేదు.

దినకర్ నా నోటి వైపే చూస్తున్నాడు.

"బావా..." అన్నాడు. "వద్దు బావా."

అత్తగారు మా ఇద్దరినీ చూడలేదు. చాప మీద కొంచెం పక్కకు జరిగి, మేనక కూర్చునే వైపు ఒకరికి చోటు విడిచారు. ఎవరూ తొక్కకుండా, తన కొంగును ఒడిలోకి లాక్కున్నారు.