రెండు పిలుపులు

మిర్యాలగూడ దాటి మాడుగులపల్లి వైపు పోతుంటే కాలువ పక్కన మూతబడ్డ రైస్ మిల్లు ఒకటుంది. పొద్దుగూకాక అక్కడ ఎవరూ బండి ఆపరు. పన్నెండేళ్ల కింద వడ్లు ఉడకబెట్టే తొట్టిలో పడి చచ్చిపోయిన కూలిమనిషి గౌరీబాయి ఇప్పటికీ లోపల్నుంచి పిలుస్తుందట. పలకకూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది, మూడోసారి కూడా పిలిస్తేనే మనిషి... ఆ చుట్టుపక్కల వాళ్ల లెక్క అది.

దావీదు ఆటో నడుపుతాడు. మొన్న ఆషాఢంలో ఒక రాత్రి కిరాయి దింపి ఒక్కడే తిరిగొస్తుంటే, సరిగ్గా మిల్లు ముందే ఆటో ఆగిపోయింది.

సన్నటి తుంపర. స్టార్ట్ చేయబోయాడు. ఇంజన్ దగ్గింది, అంతే. మళ్లీ ప్రయత్నించాడు—

ధన్... ధన్...

ఇనుప షట్టర్ మీద. లోపల్నుంచి.

దావీదు వంగి చూశాడు. హెడ్‌లైట్ వెలుగు షట్టర్ కింది సందులోకి పోతోంది. ఆ సందులో — వేళ్లు. నాలుగు వేళ్లు. చివర్లు ఎర్రగా...

"అన్నా..."

ఆడగొంతు.

"ఓ అన్నా... తలుపు తీయ్... నాకొద్దు..."

మూడో పిలుపు కోసం ఆగేంత గుండె అతనికి లేదు. ఆటోను తోసుకుంటూ ఉరికాడు. పల్లం రాగానే ఇంజన్ అందుకుంది. వెనక్కి చూడలేదు.

"గౌరీబాయే," అన్నాడు ఇంటికొచ్చి, వణుకుతూ. "వేళ్లు సూసిన కాటమ్మా. ఎర్రగున్నయ్."

"తాగినవా?" అంది భార్య.

"యేసయ్య తోడు. సుక్క ముట్టలే."

మూడు రోజులు జ్వరం. వారం తిరిగేసరికి ఆ కథ టీకొట్లన్నీ చుట్టొచ్చింది.

నెల తర్వాత ఒక పొద్దున హెడ్ కానిస్టేబుల్ నీలా అతని ఆటో ఎక్కింది. స్టేషన్ జీపు రిపేర్లో ఉందట. పక్కన ఇరవై ఏళ్ల పిల్ల, రాణి, తల దించుకుని కూర్చుంది.

"పాత మిల్లు కాడికి పోనియ్," అంది నీలా.

దావీదు వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. పగలే కదా అనుకుని పోనిచ్చాడు.

దారిలో వాళ్ల మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి. ఆటో యూనియన్ లీడర్ కొడుకు సంపత్ రాణిని కాలేజీ దగ్గర కారులో ఎత్తుకుపోయి తాళి కట్టాడు. ఐదో రోజున ఆమె కోదాడలో దొరికింది. ఇష్టపడే వచ్చిందని వాడంటున్నాడు. దండలేసుకుని ఆమె నవ్వుతున్న ఫొటో చూపిస్తున్నాడు.

"నవ్వకపోతే అమ్మను సంపుతనన్నడు," అంది రాణి.

"నేను నమ్ముత బిడ్డా. ఆషాఢంల ఎవ్వలన్న మనసుపడి లగ్గం జేస్కుంటరా? కాని కోర్టుల గది నడవది. నువ్వు వద్దన్నవని ఇంకొకలు జెప్పాలె."

మిల్లు ముందు దిగారు. రాణి షట్టర్ వైపు చూపించింది.

"రెండు రాత్రులు గీడనే ఉంచిండు మేడం. ఒక్క ఆటో ఆగింది. లైటు లోపలికొచ్చింది. గోరింటాకు వేళ్లు బయటికి పెట్టి రెండుసార్లు పిలిచిన. మూడోసారి పిలిచేలోపట సంపత్ లేచొచ్చి నోట్ల బట్ట కుక్కిండు."

దావీదు సీటు పట్టుకుని నిలబడ్డాడు. ఆ రాత్రి వణుకు ఈ భయం ముందు ఏపాటిది? సంపత్ వాళ్ల నాయన మాటకు ఎదురు చెప్పి ఈ రోడ్డు మీద ఆటో నడిపినవాడు లేడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెలియదు...

"మేడం," అన్నాడు. "ఆ ఆటో నాదే."

నీలా కాగితాలు తీసింది. "కోర్టుల గిట్లనే జెప్తవా? ఇంటికొచ్చి బెదిరిస్తరు మరి."

"జెప్త."

"ఏం విన్నవ్?"

"నాకొద్దు అన్నది. తలుపు తీయ్ అన్నది."

నీలా రాస్తోంది. రాణి అప్పుడు మొదటిసారి తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

"గంత దగ్గరికొచ్చినవ్ గదన్నా... నేను బతికున్న మనిషినని ఒక్క నిమిషమన్న అనిపియ్యలేదా?"

నీలా పెన్ను ఆపి, తనూ అతని జవాబు కోసం చూసింది.