స్కానింగ్ గదిలోంచి జవాబు

గురువారం, సాయంత్రం నాలుగుంబావు. ఆస్పత్రి కింది అంతస్తులో స్కానింగ్ మిషన్‌కి హీలియం ఎక్కించే పని మొదలైంది. లోపలి అయస్కాంతం వేడెక్కకుండా కాపాడేది ఆ ద్రవమే. ఈసారి సరుకు రెండు నెలలు ఆలస్యంగా, అదీ సగమే వచ్చింది. చుక్క కూడా పోనివ్వొద్దని పైవాళ్ళు ఒకటికి పదిసార్లు చెప్పారు.

లోపల నిచ్చెన మీద బావ. తలుపు బయట బామ్మర్ది. నిమిషానికోసారి బయటివాడు పిలవాలి, లోపలివాడు పలకాలి. పలక్కపోతే తలుపు తెరిచి బయటికి లాగాలి. అదీ వాళ్ళ పద్ధతి.

"నీ నోరు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చిందిరా" అని పొద్దున అక్క నవ్వింది. నవ్వుతూనే తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "ఆయన జాగ్రత్త."

తలుపు అద్దం మీద తెల్లటి పొగ కమ్మింది. వాసన లేదు. పాము బుసలాంటి చప్పుడొక్కటే.

"బావా!"

"ఉన్నాలేరా! గొట్టం దగ్గర కారుతోంది, బిగిస్తున్నా."

నిమిషం గడిచింది.

"బావా!"

"ఉన్నా..."

పిట్ట గొంతులా సన్నగా వచ్చింది. బుడగల్లో నింపే ఈ హీలియం పీలిస్తే వచ్చే గొంతు. బామ్మర్దికి నవ్వాగలేదు.

"ఇంకోసారి అను బావా, అక్కకి వినిపిస్తా!"

"ఉన్నా..."

నవ్వుతున్నవాడు చప్పున ఆగిపోయాడు. గొంతు అలా మారిందంటే... బావ పీలుస్తున్నది గాలి కాదు.

తలుపు తోశాడు. కదల్లేదు. కారిన ద్రవం ఆవిరై, ఆ గ్యాసు లోపలినుంచి ఎదురు నెడుతోంది.

"ఉన్నా..."

ఈసారి అతను పిలవనే లేదు. ఆ గొంతు తలుపుకి ఆనుకుని... సరిగ్గా అతని చెవి దగ్గర.

ఒంట్లో బలమంతా కూడదీసుకుని భుజంతో గుద్దాడు. తలుపు తెరుచుకుంది. తలుపు దగ్గర ఎవరూ లేరు. గది ఆ చివర, నిచ్చెన కింద, పెదాలు నీలంగా... బావ. ఊపిరి బిగబట్టి, కాళ్ళు పట్టి బయటికి ఈడ్చేశాడు.

దేవుడు చల్లగా చూశాడు. రాత్రికి బావ కళ్ళు తెరిచాడు.

"మొదటిసారి పలికానురా. రెండోసారి నువ్వు పిలిచేసరికి నోరు పెగల్లేదు... పడిపోయా."

అక్క ఆయన నోటి మీద చెయ్యి పెట్టింది. "ఇంక చెప్పకండి."

తెల్లారి ఇంటికి తెచ్చారు. ఏడింటికి అక్క వంటింట్లోంచి కేకేసింది. "ఏమండీ, కాఫీ!"

"ఉన్నా" అంది పడగ్గదిలోంచి బావ గొంతు. మామూలుగా, స్పష్టంగా.

గ్లాసు పట్టుకుని ఆవిడ హాల్లోకి వచ్చింది. బావ వీధి గుమ్మంలో బామ్మర్ది పక్కన కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ పడగ్గది వైపే చూస్తున్నారు.

అక్క దేవుణ్ణి తలుచుకుని ఆ గదికి బయట గొళ్ళెం పెట్టింది. ఆ పొద్దున ఇంట్లో ఎవరూ ఎవర్నీ పిలవలేదు. కావలసినవాళ్ళ దగ్గరికి నడిచివెళ్ళి, భుజం తట్టారు.