నిరీక్షణ: సున్నా

గౌరునాయుడు మణికట్టు మీది పిలుపుకడియం ఇంకా మోగలేదు. అయినా వచ్చి పాల దుకాణం ముందు నిలబడ్డాడు. తలుపు మీది పలక "నిరీక్షణ: సున్నా" అని చూపుతోంది. పాలకొండలో పదకొండేళ్లుగా అదే అంకె.

"ఏటి బావూ, మీ వొంతు ఇంకా పావుగంటుంది కదా?" లోపల్నుంచి పోలినాయుడు అడిగాడు.

"తవుడమ్మ కోసరం వచ్చినాను."

"మీరిలా నిల్సుంటే ఆవిడ రాదు. మీరు కదిలీదాకా యంత్రం ఎవుల్నీ పిలవదు."

'వరుసలెక్కి' అనే ఆ యంత్రం పని అదే. జనం రాకకు క్రమం లేకపోతే, అమ్మేవాడెంత చురుకైనా వరుస పుడుతుంది. అందుకని అది ఒక్కొక్కరినీ ఒక్కొక్క క్షణానికి పిలుస్తుంది. మనిషికి నలభై సెకన్లు. ఇద్దరు ఎదురుపడరు.

దానికి మొదటి లెక్కలు రాసిచ్చింది గౌరునాయుడే. నెల్లాళ్లు గడియారం పట్టుకుని ఈ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆ వరుసలో అతని భార్య అసిరమ్మ కూడా ఉండేది. రోజుకి ఇరవై మూడు నిమిషాలు వృథా అని రాశాడు. ఇంట్లో పెదవి విప్పని మనిషి, ఆ ఇరవై మూడు నిమిషాలూ వెనకనున్న తవుడమ్మతో మాట్లాడుతూనే ఉండేది. ఏం మాట్లాడేదో అతను వినలేదు. పట్టికలో దానికి గడి లేదు.

అసిరమ్మ పోయి ఎనిమిది నెలలు. ఆ మాటలు తెలిసింది తవుడమ్మకే. ఆమె ఇల్లెక్కడో అతనికి తెలియదు.

"ఆవిడొచ్చినప్పుడు నానడగనా బావూ?"

"నీ నలభై సెకన్లలోనా?"

వీధి ఖాళీగానే ఉంది. చివరికి చేతిసంచీ గుమ్మం ముందు నేల మీద పెట్టి వెళ్లిపోయాడు. వెనకటి రోజుల్లో మనిషి పక్కకెళితే సంచీయే వంతు కాసేది. అసిరమ్మ తన ఆకుపచ్చ చీర చింపి కుట్టి, రోజూ వరుసలోకి తెచ్చుకున్న సంచీ అది. యంత్రం సంచీని లెక్కపెట్టదు.

మర్నాడు సంచీ వెనక ఒక వెదురుబుట్ట ఉంది.

"తవుడమ్మత్త ఎట్టింది బావూ. సంచీ సూసి ఎంత సంబరపడిపోనాదో!"

"ఏటంది?"

పోలినాయుడు తల దించుకున్నాడు. "'అసిరమ్మ వొచ్చిందేటి? రేపు నాకోసరం నిలబడమను, బోలెడు మాటలున్నాయి' అంది. నాను సెప్పీలోగా గంట మోగీసింది."

చావు కబురు మోయడానికి కూడా వరుస మిగల్లేదు.

గౌరునాయుడు సంచీ తీయబోయి ఆగాడు. అతను వెళ్లిపోతే తవుడమ్మ వచ్చి అసిరమ్మ కోసం చూస్తుంది. నిలబడితే తవుడమ్మే రాదు.

సంచీకీ బుట్టకీ మధ్య నిలబడ్డాడు. వీధిలోకి ఎవరూ రాలేదు. పలక సున్నాయే చూపుతోంది.