గుండుసూది బొమ్మలు

ఈ కథలో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. నా మీసం మీద ఒట్టు.

ఒకాయన ఉన్నాడు, ఇళ్లకు రంగులు వేస్తాడు. రోజూ పొద్దున్నే రంగు కలిపి, పనికి పట్టుకెళ్లే ముందు తన వంటింటి గోడ మీద అరచేయంత పూసి చూసుకోవడం అలవాటు. ఆయన అటు వెళ్లగానే, తడి ఆరకముందే, ఆయన భార్య గుండుసూదితో ఆ పూతలో ఓ బొమ్మ గీసేది. ఆవిడది బొత్తాలు కుట్టే పని. పనికెళ్లే బస్సు కిటికీలోంచి ముందురోజు చూసిందే బొమ్మ: కుళాయి దగ్గర బిందెల వరస, చెప్పు తెగి ఒంటికాలి మీద నిలబడ్డ గుమాస్తా, కరెంటు తీగ మీద కాకి. ఆ కాకిని చూసి పక్కింటి పిల్లి ఎగిరి దూకి, గోడకు మూతి పగలగొట్టుకుంది! సరే, దూకలేదు. ఓసారి అటు తిరిగి చూసింది. నాకు మీసం కూడా లేదు లెండి.

పన్నెండేళ్లలో ఆయన ఒక్క బొమ్మా చూడలేదు. ఆయన కంటికి ఆనేవి రంగులే. నవ్వుతాడేమోనని ఆవిడా చెప్పలేదు. ఆ అద్దిల్లు ఖాళీ చేసే రోజున, సామానంతా తీసేశాక, చెయ్యి పట్టుకుని చూపిద్దామనుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం ఆవిడ పని నుంచి వచ్చేసరికి వంటిల్లు తెల్లగా మెరిసిపోతోంది.

"చూశావటే! నా మరకలన్నీ మాయం. ఇంటాయన ఇంక వంక పెట్టమను చూద్దాం!" అన్నాడాయన నిచ్చెన దిగుతూ.

ఆవిడ సంచి కింద పడేసింది. గోడ గాట్లకు లప్పం పట్టే రేకు అందుకుని గోడను గీకడం మొదలుపెట్టింది.

"ఏమైందే నీకు? ఇంకా ఆరలేదు!"

"నా బొమ్మలండీ!"

"ఏం బొమ్మలు?"

"రోజూ మీరు పూసినదాంట్లో గీసుకున్నానండీ. ఊళ్లోవాళ్ల గోడలన్నీ చూస్తారు, మన గోడ ఒక్కసారి చూశారా? నాకంటూ ఉన్నది అదొక్కటే!"

ఆయన తడిగుడ్డ తెచ్చి పిచ్చిగా రుద్దాడు. కాసేపటికి చెయ్యి ఆగిపోయింది.

"రాదే. ముందు ఉప్పుకాగితంతో అరగదీసేశాను. గీతలు కనపడ్డాయి. గిన్నెలు తగిలాయేమో అనుకున్నా. గీత కనపడితే లప్పం పెట్టడమే నాకు తెలుసు."

ఇద్దరూ నేల మీద కూలబడ్డారు.

"ఎక్కడ ఏముందో చెప్పు," అన్నాడాయన.

ఆవిడ తెల్లటి గోడ మీద వేలు పెట్టింది. "ఇక్కడ మీరు. మూడో అంతస్తులో, నిచ్చెన మీద. మర్నాడు పొద్దున మీరు చిలకపచ్చ పూశారు."

"బడి తలుపులకి. గుర్తుంది."

"బస్సులోంచి పిలిచానండీ. మీకు వినపడలేదు."

ఆయన రంగు చేతుల్లోనే ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడ నవ్వి, ఆయన కళ్లు తుడిచింది.

ఆ నవ్వడం, తుడవడం మాత్రం నేను కల్పించినవే. రాయకుండా ఉండలేకపోయాను. ఆవిడ నవ్వలేదు. వేలు జానెడు పక్కకు జరిపి, తర్వాతి బొమ్మ ఏమిటో చెప్పడం మొదలుపెట్టింది.